నైవేద్యం కంటే ముందు

నా చిన్నప్పుడు మా మల్కాజ్‌గిరి కాలనీలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. ఎవరింట్లో పిల్లాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినా ఆ వీధంతా స్వీటు డబ్బాలు తిరిగేవి. ఒకరి లడ్డూలు అరగకముందే ఇంకొకరి మైసూర్‌పాక్ గుమ్మంలోకి వచ్చేది. సరిగ్గా ఆ వీధిలో, ఆ రోజుల్లో, పదేళ్ల వయసులో నాకు షుగర్ వచ్చింది. దేవుడికి కూడా కాస్త వేళాకోళం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నాది పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే మానేసే రకం. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది, వేళకు తిండి. ఇందులో ఏది తప్పినా కుదరదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. బయటపడితే రేపు సంబంధాలు రావట. పదేళ్ల పిల్లకు సంబంధాలు! స్నానాల గదిలో తలుపేసి, నీళ్ల పంపు విప్పి, ఆ చప్పుడులో నాకు సూది వేసేది. అంత గుట్టుగా దాచాం కాబట్టే కాలనీ మొత్తానికి తెలిసిపోయింది.

తెలిసిందంటే సగమే తెలిసింది. ఇక చూడండి, ప్రతివాళ్లూ డాక్టర్లే. ఒకామె కాకరకాయ రసం తాగించమంది. ఒకాయన మెంతులు నానబెట్టమన్నాడు. ఇంకొకాయన, సూదులు మాన్పించండి, అలవాటైపోతే వదలవు అన్నాడు. అన్నం కూడా అలవాటైపోయి వదలడం లేదు కదా, ఆయనెందుకు మానలేదో! బడిలో టీచరమ్మ నన్ను జూపార్కుకు తీసుకెళ్లనంది, ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదని. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశానని అందరూ అంటారు కానీ, బడి అంతకు చాలా ముందే నన్ను మానేసింది. వీళ్లందరి ‘పాపం, ఆడపిల్ల’ వింటుంటే నాకు ఏడుపు వచ్చేది కాదు, ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఒకసారి పక్కింటి ఆంటీవాళ్లు సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. వాళ్లది శ్రీకాకుళం వైపు. పెద్దకొడుక్కి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, ఆంటీ మొక్కు తీర్చుకుంటోంది. ఆంటీ చెడ్డమనిషి కాదు. నాకు జడ వేసి పూలు పెట్టే మనిషి. ఆ రోజు మా అమ్మ వాళ్ల ఇంటి వెనక వైపు వంటింట్లో పులిహోర కలపడానికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్లింది. పొద్దున సూది వేసి ఇడ్లీ పెట్టింది కదా, మధ్యాహ్నం భోజనం అక్కడే అవుతుందనుకుంది.

పూజ మొదలవలేదు. కొడుకు వచ్చి పక్కన కూర్చుంటేనే వ్రతం అని ఆంటీ పట్టు. ఆ కొడుకు రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ బండిలో వస్తున్నాడు, బండి ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. నైవేద్యం కానిదే ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. దేవుడు ఆగాడు, పంతులుగారు ఆగారు, చుట్టాలు ఆగారు. పొద్దున నా ఒంట్లోకి ఎక్కిన సూది మాత్రం ఆగలేదు. దానికి వ్రతాలతో పనిలేదు, దాని పని అది చేసుకుపోయింది.

ముందు చేతులు వణికాయి. తర్వాత చెమటలు. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు నీళ్లలో నీడల్లా కదిలాయి. ఆకలేస్తోందని చెబుదామంటే అమ్మ వేయించిన ఒట్టు గొంతులో అడ్డం పడింది. పూజ పీట పక్కన పళ్లెంలో అరటిపళ్లు ఉన్నాయి. చెయ్యి దానంతట అదే వెళ్లి ఒక పండు పట్టుకుంది.

ఆంటీ చూసింది. మెల్లగా, ప్రేమగానే, పండు నా చేతిలోంచి తీసుకుంది. “తప్పమ్మా, దేవుడికింకా పెట్టనేదు. అయినా నీకు తీపి పడదు కదా తల్లీ, మరిచిపోనావేటి?” అంది. వెనక నుంచి ఎవరో, “పాపం, చిన్నపిల్ల, నోరు కట్టుకోలేకపోతోంది” అన్నారు. అందరూ జాలిగా నవ్వారు. ఇంటి నిండా తిండి, ఇంటి నిండా మంచివాళ్లు, మధ్యలో నేను గోడకు జారబడి కళ్లు మూసుకుంటున్నాను. నిద్రొస్తోంది కాబోలు, పడుకోనివ్వండి అన్నారట. అదీ వాళ్ల దయ!

అప్పుడొచ్చింది మా నాయనమ్మ. పిల్ల తిన్నదో లేదో అడిగిపోదామని మా ఇంటినుంచి అలాగే చెప్పుల్లేకుండా వచ్చింది. నాకు జబ్బు బయటపడినప్పుడు పెద్దాసుపత్రిలో నా మంచం పక్కన ఉన్నది ఆమే. అక్షరమ్ముక్క రాదు కానీ డాక్టరు చెప్పిన మాట చెవిలో వేసుకుంది. గుమ్మంలోంచే నా ముఖం చూసింది. తిన్నగా పీట దగ్గరికి నడిచి, స్వామివారి పటం ముందు ప్రసాదం కోసం పెట్టిన గిన్నెలోంచి గుప్పెడు పంచదార తీసి నా నోట్లో పెట్టింది. “మింగు బిడ్డా, మింగు. నేనున్న” అంటూ గొంతు నిమిరింది.

ఇల్లంతా కెవ్వుమంది. “ఒలమ్మో! ఇదేటండీ పెద్దమ్మగారూ! దేవుడికి పెట్టకుండా ఎంగిలి చేసేసినారు! పైగా షుగరున్న పిల్లకి పంచదారేటండీ, చంపేస్తారేటి?” అని ఆంటీ ఏడుపు అందుకుంది. కొడుకు ఉద్యోగానికి ఏం అరిష్టమో అని ఆవిడ భయం. పంతులుగారు మాత్రం వంటింటి వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయనకూ ఆకలిగానే ఉందని నా అనుమానం.

“నీ దేవుడు జెర ఆగుతడమ్మా, పిల్ల పానం ఆగదు” అంది నాయనమ్మ. “ముందుగాల ఇంత అన్నం పెట్టుండ్రి. తర్వాత నన్ను ఎంత తిడతరో తిట్టుండ్రి.”

చక్కెర కరిగింది. ముఖాలు మళ్లీ ముఖాలయ్యాయి. పులిహోర రెండు ముద్దలు తిన్నాక నాయనమ్మ నన్ను అందరి మధ్యలో నిలబెట్టింది. “ఇప్పుడు చెప్పు, నీకేమైందో. నువ్వే చెప్పాలె” అంది. నేను అమ్మవైపు చూశాను. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని రాయిలా నిలబడి ఉంది. “అమ్మను చూడకు. వాళ్లను చూసి చెప్పు. నువ్వేమన్న దొంగతనం జేసినవా?”

చెప్పాను. నాకు షుగర్ అని, సూది వేసుకుంటానని, వేసుకున్నాక తినకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుందని, అప్పుడు వెంటనే తీపి పెట్టకపోతే పడిపోతానని. ఇంకేం చెప్పాలో తోచక, “కాబట్టి ఆంటీ, మీ అబ్బాయి లేటయితే ముందు నాకు నైవేద్యం పెట్టండి” అన్నాను. ఎవరో ఫక్కున నవ్వారు. అది జాలినవ్వు కాదు. ఆ తేడా నాకు వెంటనే తెలిసింది. నా జబ్బు మీద నేను వేసిన మొదటి జోకు అదే.

ఆంటీ నేలమీద కూలబడింది. “షుగరున్నోళ్లకి షుగరు తగ్గిపోద్దా? నాకేటి తెలుసు తల్లీ! నా చేత్తో పండు లాక్కున్నానే! ఒక్క మాట చెప్పొద్దేటి మీరు?” అని మా అమ్మను అడిగింది.

ఇంటికొచ్చాక అమ్మ విరుచుకుపడింది. అందరి ముందు పరువు తీశారని, ఇక దీన్ని ఎవరు చేసుకుంటారని. నాయనమ్మ కాళ్లు కడుక్కుంటూ, “బతికుంటెనే గదనే సంబంధం? ముందు బతకనియ్యి” అంది. ఆ తర్వాత మా ఇంట్లో సూది వేసేటప్పుడు నీళ్ల పంపు విప్పలేదు.

ఆ పంపు చప్పుడు ఇంకా ఎన్ని ఇళ్లలో వినిపిస్తోందో తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం మరుగుతుంది. దాచిపెట్టమని పిల్లలకు నేర్పేవాళ్లు, అది కూడా ప్రేమే అనుకుంటారు. నేను మాత్రం ఎవరింటికి భోజనానికి వెళ్లినా కూర్చోకముందే చెబుతాను, “నాకు షుగరండీ, సూది వేసుకున్నాను, అన్నం ఎప్పుడు పెడతారు?” అని. కొందరు నవ్వుతారు, కొందరు మొహం చిట్లిస్తారు. మొన్న ఒకావిడ, ఇంత బాహాటంగా అడగడానికి మీకు మొహమాటంగా ఉండదా అంది. ఉండేదండీ, పదేళ్ల వయసులో ఉండేది, దాంతోనే చావబోయాను అన్నాను. ఆవిడ గబగబా లోపలికెళ్లి విస్తరి వేసింది.