నూనె పీపాల దారిలో మా చెల్లెలు

మొన్న కోవిల్‌పట్టిలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద బట్టల కొట్టు ముందు, ఎండకు కాస్త నీడ దొరుకుతుందని నిలబడి ఉంటే, మోటారు పెట్టిన చక్రాల కుర్చీలో ఒక యువకుడు వచ్చి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే, మెట్ల పక్కనున్న సిమెంటు వాలు మీదుగా లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గరి కాపలా మనిషి అతనికేసి తలెత్తి చూడనైనా లేదు, అతనూ ఎవరి సాయం కోసమూ చూడలేదు. నా వయసువాళ్ళు ఇంకెవరైనా ఆ పక్కన ఉంటే కాలం ఎంత మారిందని సంతోషించి ఉండేవారు. నాకు మాత్రం గుండెలో పాత ముల్లొకటి కదిలింది. అది అసూయ. ఆ కుర్రవాడిని చూసి కలిగింది కాదు, అతని చక్రాల కింద ఉన్న సిమెంటును చూసి కలిగింది. సిమెంటు మీద అసూయపడే మనిషి ఉంటాడా అని మీరు నవ్వుకోవచ్చు. నేనున్నాను, చాలా ఏళ్ళుగా ఉన్నాను.

తమిళనాడులో పుదూరు పక్క, తరాలుగా తెలుగువాళ్ళున్న నల్లరేగడి పల్లెల్లో మాది ఒకప్పుడు పెద్దిల్లు అనిపించుకున్న ఇల్లు. మా ముత్తాత కాలంలో చుట్టుపక్కల వాళ్ళు మిరప కోతకు దిగే ముందు, పెళ్ళికి ముహూర్తం పెట్టుకునే ముందు, మా ఇంటికి వచ్చి ఒక మాట చెప్పి వెళ్ళేవారట. వానలు తప్పడం, అన్నదమ్ముల వ్యాజ్యాలు తెగకపోవడం, ఈ రెండూ కలిసి పొలాలన్నిటినీ తినేశాక, నాకు ఊహ తెలిసేసరికి మిగిలింది ఆ పేరూ, వెన్ను నిలబెట్టి కూర్చునే అలవాటూ మాత్రమే. మా నాన్న జ్వరంలో కూడా గోడకు ఆనుకునేవాడు కాదు. ఆయన పోయాక మేము ముగ్గురం, అమ్మా నేనూ చెల్లెలూ, కోవిల్‌పట్టికి వచ్చి ఒక వాటా ఇంట్లో దిగాము, నేను నూలు మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అప్పుడు కూడా అమ్మ పక్కింట్లో చారెడు ఉప్పు అడగనిచ్చేది కాదు. ఉప్పు లేని కూరే తిని లేచేవాళ్ళం.

చెల్లెలికి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. పెద్దింటి ఆడపిల్ల నలుగురి ముందు నేల మీద పాకకూడదని అమ్మ పట్టు, మోయడానికి మనుషులను పెట్టుకునే రోజులు ఎప్పుడో పోయాయి, కనుక ఆమెను ఎత్తుకోవడం నా వంతయింది. బడికి నేనే, వైద్యుడి దగ్గరికి నేనే, దేవుడి ఊరేగింపు చూడాలంటే నేనే. పెద్దదయ్యాక టైపు నేర్చుకుంటానంది. ఆ రోజుల్లో టైపు నేర్పే చోటంటే మేడ మీదే ఉండాలని ఎవరో శాసనం చేసినట్టు, బస్టాండు దగ్గరున్న ఆ కొట్టుకు ఇరుకైన మెట్ల మీదుగా రోజూ ఎత్తుకుని ఎక్కేవాడిని, మిల్లు నుంచి వచ్చి మళ్ళీ దించేవాడిని. వీధిలో వాళ్ళు ఇలాంటి అన్న ఎవరికుంటాడు అని చెప్పుకునేవారు. ఆ మాట నాకు తీపిగా ఉండేది. తాతల ఆస్తి అంతా పోగా నా చేతుల్లోకి వచ్చిన బరువు అదొక్కటే, దాన్ని నేను ఎవరితోనూ పంచుకోదలచుకోలేదు.

ఆ మేడ మీదే ఆమెకు ఒక స్నేహితురాలు దొరికింది. మా తెలుగే మాట్లాడే క్రైస్తవుల పిల్ల, అమ్మానాన్నలు అగ్గిపెట్టెల కంపెనీలో కూలీలు, తాత ఒకప్పుడు మా చేలల్లో పనిచేసినవాడు. ఆ తాత మా నాన్న ముందు నిలబడిన తీరు నాకు గుర్తు, ఆ మనవరాలు నా ముందు నిలబడిన తీరు కూడా గుర్తే, ఆ రెంటికీ పోలికే లేదు. ఒక సాయంత్రం నేను చెల్లెలిని ఎత్తుకోబోతుంటే ఆ పిల్ల గోడకు ఆనుకుని, కొబ్బరి మిఠాయి నములుతూ, నా మొహంలోకి చూసి అంది:

"అన్నా, మీరు ఎత్తుకోని పొయ్యేది మంచిదే. అయితే ఈ పిల్ల మీరు పొయ్యే తావుకే కదా పోవాల? తనకు పోవాలని ఉండే తావుకు ఎప్పుడు పోతాది?"

నేను చెల్లెలిని చేతుల మీదికి ఎత్తుకున్నాను. ఆమె నవ్వింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు. కొన్నాళ్ళకు ఆ స్నేహితురాలే, వాళ్ళ చర్చి తాలూకు వాళ్ళను అడిగి, ఒక చక్రాల కుర్చీ తెచ్చి మా వాకిట్లో పెట్టింది. అమ్మ దాన్ని లోపలికి రానివ్వకపోతే, ఎవరింటి కుర్చీయో అన్నట్టు అది బయటే వానకు తడిసింది, చెల్లెలు కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చునేది. మూడో వానకో నాలుగో వానకో అమ్మే దాన్ని లోపలికి లాగింది.

పరీక్షలన్నీ ప్యాసయ్యాక, తొంభైల నడుమ, విరుదునగర్‌లో ఒక నూనె మండీలో టైపిస్టు కావాలని కబురు వచ్చింది. ఆ స్నేహితురాలు అప్పటికే ఆ ఊళ్ళో ఒక మందుల కొట్టులో పనికి కుదిరి ఉంది, కబురు ఆమె ద్వారానే వచ్చింది. చెల్లెలు ఏదైనా కావాలని అంతగా కోరుకోగా నేను అంతకుముందు చూడలేదు. చీర కోసమో నగ కోసమో కాదు, ఆ పని కోసం రాత్రిళ్ళు నిద్రపోక వేళ్ళు దుప్పటి మీద ఆడించుకునేది. నేను మనసులో అంతా సర్దిపెట్టుకున్నాను. మిల్లు మానేసి విరుదునగర్‌లోనే ఏదో ఒక రాతపని చూసుకుంటాను, ఇల్లు అక్కడికే మారుద్దాం, ఉదయం ఎత్తుకెళ్ళి దించుతాను, సాయంత్రం ఎత్తుకొస్తాను. నాకు వచ్చిన రెండు సంబంధాలను కూడా అందుకే పక్కన పెట్టాను.

మండీ అరుగు బాగా ఎత్తు, వీధిలోంచి నిట్టనిలువు రాతిమెట్లు. నేను ఆమెను చేతుల మీద ఎత్తుకుని, వెన్ను వంచకుండా ఎక్కి, లోపల టైపు మిషను ముందు కూర్చోబెట్టాను. మండీ యజమానిని ఆ ఊరి వాడుకలో అందరూ అణ్ణాచ్చి అనేవారు. ఆయన చెప్పిన ఉత్తరాలను ఆమె తప్పు లేకుండా, మిషను పొగ చిమ్ముతుందా అన్నట్టు కొట్టింది. ఆయన కాగితం చూసి తల ఊపి, తరువాత నాకేసి చూసి, అరవంలో చాలా మెత్తగా అడిగాడు: "అంతా బాగుంది తంబీ, మీకు ఒకరోజు జ్వరం వస్తే నా ఉత్తరాలు ఎవరు కొడతారు?"

నాకు జ్వరం రాదని చెబుదామనుకున్నాను. పని చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోతోందని చెల్లెలి మొహం చూస్తే తెలిసింది. ఆమె తనను బయటికి తీసుకెళ్ళమంది. కిందికి దించితే, మేము బస్సులో తెచ్చి, స్నేహితురాలు వీధిలోకి తోసుకొచ్చిన ఆ చక్రాల కుర్చీలో కూర్చుని, పక్క సందులోకి చూసింది. అక్కడ కూలీలు నూనె పీపాలను ఒక పొడుగాటి పలక మీదుగా అరుగు పైకి దొర్లిస్తున్నారు. అప్పుడు నా చెల్లెలు, పెద్దింటి ఆడపిల్ల, విరుదునగర్ నడిబజారులో, బళ్ళ రొదను మించిన గొంతుతో, "అణ్ణాచ్చీ, ఆ పలకను ఇటు వేయించండి, నేనే వస్తాను" అని అరిచింది.

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆయన అరుగు మీదికి వచ్చి పలకనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆయన నోరు తెరవకముందే కూలీల్లో ఒకడు పలక ఒక కొస పట్టుకుని, "పీపా అయితే కారిపోతాది అణ్ణాచ్చీ, ఈ అక్క కారదు, భయపడకండి" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా చెల్లెలే నవ్వింది. పలక వచ్చింది. స్నేహితురాలు వెనకనుంచి తోసింది. సగం దూరం పోయాక పలక మీది ఇనుప పట్టీకి చక్రం తగిలి కుర్చీ వెనక్కి జారితే నేను రెండు చేతులూ చాచి ఉరికాను.

"అన్నా, నువ్వు నిలువు," అంది చెల్లెలు, వెనక్కి తిరగకుండానే. "నీ చెయ్యి తగిలితే మళ్ళా ఎత్తుకుంటావు."

నిలబడ్డాను. ఆ అగ్గిపెట్టెల కూలివాళ్ళ పిల్ల పళ్ళు బిగబట్టి, భుజం ఆనించి ఇంకొక తోపు తోస్తే, నా చెల్లెలు పీపాల దారిన అరుగెక్కి, నేను లేని చోటికి వెళ్ళిపోయింది. పని ఇచ్చారు. చాచిన చేతులు ఏం చేయాలో తెలియక నేను వాటిని వెనక్కి కట్టుకున్నాను, మా నాన్న కట్టుకున్నట్టే.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. "ఏమే, మన ఇంటి పిల్ల పీపా మాదిరి దొర్లేదా?" అని అమ్మ ఏడిస్తే, చెల్లెలు గుడ్డలు మడతపెడుతూ, "పీపాకు దారి ఉండాది, నాకు లేదు. ఎవురిది పెద్దిల్లో నువ్వే చెప్పుమా" అంది. అమ్మకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ఆ వారంలోనే చెల్లెలు స్నేహితురాలితో కలిసి విరుదునగర్‌లో కింది వాటాలో ఒక గది తీసుకుని వెళ్ళిపోయింది. నేను మిల్లు మానవలసిన అవసరం లేకపోయింది.

పలక చాలా కాలం నిలవలేదు. లోడు వచ్చినప్పుడల్లా కూలీలు దాన్ని సందులోకి లాక్కుపోతే ఈమె మధ్యాహ్నం అన్నానికి కూడా దిగలేక లోపలే ఉండిపోయేదట. ఈసారి ముందు మెట్ల పక్కన సిమెంటు వాలు కట్టించమని అణ్ణాచ్చిని అడిగింది. కొట్టు ముఖద్వారం మారితే వ్యాపారానికి మంచిది కాదని ఆయన నసిగితే, వాలు కట్టిస్తే పీపాలు కూడా ముందునుంచే ఎక్కుతాయి కదా అందట. ఆయన నవ్వి, మేస్త్రిని పిలిపించాడు. చెల్లెలే కుర్చీలో కూర్చుని, ఇంత ఎత్తుకు ఇంత పొడవు ఉండాలి, చక్రం జారకుండా గరుకు గీతలు పడాలి అని దగ్గరుండి కట్టించుకుంది. నేను ఒక ఆదివారం వెళ్ళి, మండీ మూసి ఉండగా, ఎవరూ చూడకుండా చెప్పు మడమతో ఆ సిమెంటును అక్కడక్కడ తట్టి చూశాను. ఎక్కడైనా బీట కనిపిస్తుందేమోనని. మేస్త్రి మంచివాడు. కనిపించలేదు.

ఆ తరువాత ఆమెకు అడగడం అలవాటైపోయింది. రెండు వేల సంవత్సరం దాటేసరికి, తాను పరోటా తినే హోటలు వాడిని అడిగింది, చీరల కొట్టును అడిగింది, మందుల కొట్టు మెట్టును కొట్టించింది. కొందరు విన్నారు, కొందరు కసిరారు, ఒకాయన చీరలు వీధిలోకే తెచ్చి చూపిస్తాం అంటే, నేను చీర కొనడానికి వచ్చానా, బిచ్చానికి వచ్చానా అని అడిగి వాలు వేయించిందట. మండీ ముందరి దానికి జనం టైపిస్టక్క వాలు అని పేరు పెట్టారు. అణ్ణాచ్చి ముసలి తల్లి దాని మీదనే కర్ర ఊతంతో ఎక్కేది. కోవిల్‌పట్టి నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ ఊరు నాకు ఇంకొక వాలును చూపించేది, నా స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టి చూపించినట్టు. ఆ స్నేహితురాలిని మా అమ్మ చివరికి కూతురా అని పిలవసాగింది. నేను మాత్రం ఇప్పటికీ ఆ ఇంటికి వెళితే ఆమె ఇచ్చిన కాఫీ చల్లారాక తాగుతాను.

ఇదంతా అణగిపోయే అసూయ అయితే ఈ వయసులో రాసి ఉండేవాడిని కాను. దాని వేరు ఎక్కడుందో నాకు ఈ మధ్యనే తెలిసింది. ఎత్తుకుని నడిచేటప్పుడు ఆమె నోరు నా చెవి పక్కనే ఉండేది. దారి పొడవునా, చుట్టూ అరవం మాట్లాడే జనం మధ్య, మా ఇంటి తెలుగులో ఆమె గుసగుసగా ఎదురొచ్చే ప్రతి మనిషి మీదా ఒక మాట వేసేది; ఈయన మీసం ఈయన కంటే ముందు బస్సెక్కింది చూడు అనేది, ఆ పోలీసు పొట్ట మీద తమలపాకులు ఆరబెట్టుకోవచ్చు అనేది. మెట్ల మీద నాకు ఆయాసం వస్తుంటే నవ్వించి ఇంకా ఆయాసపెట్టేది. నన్ను తప్ప ఎవరినీ ఉద్దేశించని మాటలవి.

ఇప్పుడు ఆమె మాటలు తగ్గలేదు, పెరిగాయి. అందరికీ వినిపించేలా, అందరితోనూ, అందరికీ తెలిసిన అరవంలో మాట్లాడుతుంది, జనం నిలబడి వింటారు. ఇవాళ ఆసుపత్రికి, బ్యాంకుకు, బట్టల కొట్టుకు ఎవరి బరువూ ఎవరి చేతుల మీదా పడకుండా మనుషులు వెళ్ళిపోతున్నారు. అది మంచిదేనని నాకు తెలుసు, ఎవరైనా కాదంటే నేనే వాదిస్తాను. అయినా మేమిద్దరం బజారులో కలిసి వెళుతుంటే ఆమె తల నా మోచేతి దగ్గర ఉంటుంది, నడుమ ఆటోల రొద. ఎప్పుడైనా ఎవరినో చూసి, పాత అలవాటున, తెలుగులో చిన్నగా ఏదో అంటుంది, తనలో తాను నవ్వుకుంటుంది. నాకు వినపడదు. ఏమన్నావంటే, ఏమీ లేదులే అన్నా, అంటుంది. ఇంకొకసారి చెప్పమని, నా కోసం చెప్పమని అడగాలని నోటిదాకా వస్తుంది. వెన్ను కాస్త వంచితే చాలు, వినపడుతుంది కూడా. అడగడం ఆమెకు వచ్చింది. నేను పక్కన నిటారుగా నడుస్తాను.