తువ్వాలు వేసిన సీటు

చింతలపూడి నుంచి నూజివీడు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, నేను రాస్తూ కొట్టేస్తున్న కాగితం చూసి, "ఎవరి గురించండీ?" అని అడిగారు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య లిథువేనియా అనే చిన్న దేశాన్ని ఏలిన అధ్యక్షుడని చెప్పాను. సోవియట్ సైన్యం వస్తే ఆయన సరిహద్దు దాటి వెళ్ళిపోయారు. రాజీనామా చెయ్యలేదు గనుక, పరాయి దేశంలో చనిపోయేదాకా తానే అధ్యక్షుణ్ణన్నారు. ఆయన్ని 'మాజీ' అనాలో వద్దో తేలక నా వ్యాసం అక్కడే ఆగిపోయింది. విసుగ్గా ఉంది.

విస్సన్నపేటలో పెద్దాయన సీటు మీద తువ్వాలు వేసి టీకి దిగారు. ఒకతను వచ్చి ఆ తువ్వాలు మీదే కూర్చున్నాడు.

"మనిషున్నారండీ," అన్నాను.

"దిగిపోయాక ఇంకెక్కడున్నారండీ?" అన్నాడతను.

పెద్దాయన తిరిగొచ్చి చూశారు. పోట్లాడలేదు. అతని కిందనుంచి వేలాడుతున్న తువ్వాలు కొస పట్టుకుని నిలబడ్డారు. లాగలేదు, వదల్లేదు. మామిడి తోటల మధ్య బస్సు కుదిపేస్తుంటే నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. నా సీటిస్తానంటే, "మీది మీరుంచుకోండి. నాదుందిగా," అన్నారు.

నూజివీడులో అతను లేచి వెళ్ళిపోయాడు. పెద్దాయన నలిగిన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"ఇంతదూరం నిలబడే వచ్చారు కదండీ," అన్నాను, ఉండబట్టలేక.

"సీటు నాదేనండీ. కూర్చోలేదు, అంతే," అని దిగిపోయారు.

ఆ వ్యాసంలో 'మాజీ' అన్న మాట ఇప్పటికీ ఒకరోజు కొట్టేస్తాను, ఇంకోరోజు మళ్ళీ రాస్తాను.