కారు కోసం కొన్న సామాను

దోహాలోని ఉమ్ ఘువైలినాలో మేం అద్దెకున్న ఫ్లాట్‌కి నాలుగు వీధుల అవతల ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఉండేది. తొంభైల మధ్యలో ఒక శుక్రవారం సాయంత్రం ఇంట్లోకి పప్పూ ఉప్పూ తెచ్చుకుందామని వెళ్తే, గుమ్మం ముందు ఎత్తుగా వేదిక కట్టి దానిమీద ఎర్ర కారొకటి నిలబెట్టి ఉంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. మా ఆయన నా చేతిలో ట్రాలీ వదిలేసి దాని చుట్టూ తిరిగి చూసొచ్చారు.

యాభై రియాల్స్ సామాను కొంటే ఒక కూపన్ ఇస్తారట. దానిమీద పేరూ ఫోన్ నంబరూ రాసి కారు పక్కనున్న అద్దాల పెట్టెలో వెయ్యాలి. రంజాన్ పండక్కి ముందు డ్రా తీస్తారు. ఎవరి చీటీ వస్తే కారు వాళ్ళది.

"ఇలాంటివి తగలాల్సింది మనలాంటి వాళ్ళకే," అన్నారు ఆయన.

మాకు కారు లేక కాదు. దేశం వెళ్ళిపోతున్న ఒక మలయాళీ ఆయన దగ్గర కొన్న పాత కారుండేది. దాని ఏసీ చలికాలంలో చల్లగాలీ ఎండాకాలంలో వేడిగాలీ కొట్టేది. జూన్‌లో మా పాపని స్కూలు నుంచి తీసుకొచ్చేటప్పుడు మెడకి తడి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేదాన్ని. అందుకని ఆ రోజు ఆయన ఆశపడ్డారంటే నాకేం తప్పనిపించలేదు. నేనూ ఒకసారి ఆ కారు తలుపు మీద చెయ్యి వేసి చూశాను.

బిల్లు యాభైకి కొంచెం తక్కువొచ్చింది. ఆయన వెనక్కెళ్ళి ఒక చేతిలో పట్టినన్ని పుట్టగొడుగుల టిన్నులు పట్టుకొచ్చారు.

"పుట్టగొడుగులు మనింట్లో ఎవరు తింటారండీ?"

"తినడం తర్వాత సంగతి. ముందు యాభై కానియ్."

అలా మొదలైంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే తంతు. మొదట్లో బిల్లు సరిపెట్టడానికి ఏదో ఒకటి తెచ్చేవారు. ప్లాస్టిక్ గులాబీలు, గుడ్డు ఆకారంలో ఉన్న గడియారం, ఇంకో నాలుగు టిన్నులు. కొన్నాళ్ళకి వరస తిరగబడింది. కూపన్ల కోసమే పెద్ద సామాను చూడటం, దాని పక్కన పప్పూ ఉప్పూ గుర్తుంటే తేవడం. ఇంటికొచ్చాక పాప నేలమీద బోర్లా పడుకుని కూపన్ల మీద ముచ్చటైన అక్షరాలతో నాన్న పేరు రాసేది. దానికి అదొక ఆట. ఆయనకి మాత్రం ఆట కాదు. "అక్షరాలు గుండ్రంగా రాయమ్మా, డ్రా తీసేవాడికి చదవడానికి వీలుగా ఉండాలి," అని పక్కన కూర్చుని చెప్పేవారు.

ఒకసారి కార్పెట్లు దులిపే వాక్యూమ్ మిషన్ తెచ్చారు.

"మనింట్లో కార్పెట్ లేదు కదండీ," అన్నాను.

"దాందేముంది, వచ్చే వారం కార్పెట్ తెద్దాం."

తెచ్చారు కూడా. హాలు కంటే కార్పెట్ పెద్దది. అంచు మడిచి సోఫా కిందకి తోశాం. ఆ మడత దగ్గర కాలు తట్టుకోని రోజు లేదు. తర్వాత వ్యాయామం చేసే సైకిల్ వచ్చింది. ఆయన మూడు రోజులు తొక్కారు. ఆ తర్వాత నేను దానిమీద తడిచీరలు ఆరేసుకున్నాను. పాదాలకి మర్దనా చేసే మిషన్ ఒకటి వచ్చింది. అది ఆన్ చేస్తే కింది ఫ్లాట్ ఈజిప్షియన్ ఆవిడ పైకొచ్చి తలుపు కొట్టింది. దాన్ని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేశాం. అట్టపెట్టెలు మంచాల కింద పట్టక బాల్కనీలోకి వచ్చాయి. బాల్కనీ నిండాక పాప గదిలోకి. అది హోంవర్కు చెయ్యడానికి వంటింటి గట్టు దగ్గరికి చేరింది.

నాకు ఓపిక నశించి ఒకరోజు అడిగాను. "ఇందులో ఏ ఒక్కటి మానుకున్నా మన కారు ఏసీ బాగయ్యేది కదండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "రేపు కొత్త కారొస్తుంటే, పాతదానికి ఖర్చెవరు పెడతారే?"

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. గిన్నెలు కాస్త గట్టిగా సర్దుకున్నాను.

అసలు దెబ్బ తగిలింది మిక్సీ దగ్గర. పెళ్ళయిన కొత్తలో విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న మిక్సీ అది. చీరల మధ్య చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకున్నంత పనిచేసి తెచ్చుకున్నాను. పచ్చళ్ళూ పిండీ అన్నీ దాంట్లోనే. ఒక శుక్రవారం ఆయన ఒక్కరే వెళ్ళి ఏడు పనులు చేసే మిషన్ అని ఒకటి తెచ్చారు. రసం తీస్తుందట, క్యారెట్ తురుముతుందట, కేకు పిండి కలుపుతుందట. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింటి గట్టు మీద అది కూర్చుని ఉంది. మిక్సీ లేదు.

"మిక్సీ ఏదండీ?"

"గట్టు మీద రెంటికీ చోటెక్కడిది? పాతది కిందకి తీసుకెళ్ళి చెత్తపెట్టె పక్కన పెట్టాను. ఎవరో ఒకరు వాడుకుంటారులే."

నేను తడిజుట్టుకి తువ్వాలు కూడా తియ్యకుండా మెట్లు దిగాను. మా బిల్డింగు వెనక బలదియా వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, పెట్టిన పెద్ద ఇనప చెత్తపెట్టె ఉండేది. నేను అదివరకు చెత్త సంచీ విసిరేసి వచ్చేయడమే గానీ, నిలబడి చూసింది లేదు. ఆ రోజు చూశాను. పెట్టె చుట్టూ సోఫాలున్నాయి. ఒక మంచం, పరుపుతో సహా. చక్రాల మీద తిరిగే టీవీ స్టాండు. పిల్లల ఉయ్యాల, ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ఇవన్నీ ఉన్నాయి, నా మిక్సీ లేదు.

బిల్డింగు కాపలా చూసే బెంగాలీ ముసలాయన గొట్టంతో మెట్లు కడుగుతున్నాడు. అడిగితే, "బలదియా గాడీ ఆయా థా మేడం. సబ్ లే గయా," అన్నాడు, లారీ వచ్చి అన్నీ పట్టుకుపోయిందని. ఆ సోఫాలూ అవీ లారీ వెళ్ళిపోయాక ఈ కాసేపట్లో వచ్చి చేరినవే. చేతిలో గొట్టం కట్టెయ్యకుండా నా వైపే చూస్తూ, "రోజ్ ఆతా హై, రోజ్ భర్ జాతా హై," అన్నాడు. రోజూ లారీ వస్తుంది, రోజూ మళ్ళీ నిండుతుంది.

పైకొచ్చి ఆ ఏడు పనుల మిషన్‌లో కొబ్బరీ పచ్చిమిరపకాయలూ వేశాను. కొబ్బరి ముక్కలు గిరగిరా తిరిగాయి గానీ నలగలేదు. ఇంకాసేపు తిప్పితే కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. ఏడింటిలో పచ్చడి లేదు. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఖల్లీ వల్లీ, పోనీలే. వచ్చే వారం ఇంకోటి తెద్దాం," అన్నారు. నేను గరిటె నేలకేసి కొట్టాను. పాప ఏడ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో పెరుగన్నమే.

డ్రా రోజు మేం ముగ్గురం వెళ్ళాం. నేను రానన్నాను గానీ పాప కొత్త గౌను వేసుకుని గుమ్మంలో నిలబడితే కాదనలేకపోయాను. సూపర్‌మార్కెట్ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. అద్దాల పెట్టె నిండిపోతే చీటీలన్నీ నీళ్ళ డ్రమ్ముల్లాంటి వాటిలోకి మార్చారు. అలాంటి డ్రమ్ములు వరసగా ఎన్నో ఉన్నాయి. వాటిని చూసేసరికి మా ఆయన మొహంలో రంగు మారింది. ఇంతమంది ఇన్ని కొన్నారా అన్నది ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. సూటు వేసుకున్న మనిషొకడు చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి పేరు చదివాడు. మాది కాదు. ఆ పేరు గలాయన అక్కడ లేడు. మళ్ళీ చదివాడు. ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తామని చెప్పి మైకు కట్టేశారు. జనం ఎవరి దారిన వాళ్ళు ట్రాలీలు తోసుకుంటూ లోపలికి వెళ్ళారు.

ఇల్లు చేరేముందు ఆయన, "అల్ అజీజియా వైపు ఒక షాపు వాళ్ళు బంగారం పెడుతున్నార్ట," అన్నారు. నేను కారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

బంగారం సంగతి తేలకముందే ఆయనకి దుఖాన్‌కి బదిలీ అయింది. పడమటి తీరంలో చమురు తీసే చోటది. అక్కడ ఆయనలా ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్లకి కూడా కంపెనీ ఇల్లిస్తుంది. ఇల్లంటే గోడలు మాత్రమే కాదు. సోఫా, మంచాలు, ఫ్రిజ్, స్టవ్, చెంచాల దాకా అన్నీ వాళ్ళవే. మనం బట్టలు పట్టుకుని వెళ్తే చాలు. ఇక్కడి సామాను అక్కడ పెట్టడానికి చోటుండదు. ఫ్లాటేమో వారంలో ఖాళీ చేసిచ్చెయ్యాలి.

అమ్ముదామని ఆయన షాపుల నోటీసు బోర్డుల మీద కాగితాలు అంటించారు. అప్పటికే అక్కడ అలాంటి కాగితాలు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఒక్క ఫోన్ కూడా రాలేదు. పై ఫ్లాట్‌లో హైదరాబాదు వాళ్ళుండేవారు. ఆవిడ నన్ను వదినా అని పిలిచేది. సైకిల్ ఊరికే ఇస్తాను తీసుకోమన్నాను.

"అమ్మో, వద్దు వదినా. మా ఇంట్ల గసొంటిది ఆల్రెడీ ఉంది. మా ఆయన గూడ కారు కోసమే తెచ్చిండు," అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నాళ్ళూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

వెనక వీధి విల్లాలో కడప వైపు నుంచి వచ్చిన ఒకామె పనిచేసేది. చెత్త వెయ్యడానికి వచ్చినప్పుడు కనపడి, తెలుగులో పలకరించేది. ఆమెకిస్తే సంతోషిస్తుంది, నా మనసుకీ బాగుంటుంది అనుకున్నాను. పిలిచి బాల్కనీ చూపించాను. కావలసినవి తీసుకోమన్నాను.

ఆమె పెట్టెలన్నీ ఓపిగ్గా చూసింది. "వద్దులేమ్మా," అంది.

"మొహమాటపడకు. అన్నీ కొత్తవే."

"కొత్తవని తెలుస్తాండాదిలేమ్మా. నేను పండుకునే రూము నిండా ఇట్టాంటియే. మా మేడం తెచ్చేది, ఇసుగుపుట్టేది, నాకిచ్చేది. పారెయ్యమంటే పాపమని నేనే దాసిపెట్టినా. ఇప్పుడు కాలు సాపుకునేకి తావు లేదు. ఊరికి కార్గోలో పంపిస్తే, మా చెల్లెలు ఫోన్‌లో, యక్కా ఇంక పంపియొద్దు, ఇల్లు సాలదు అంటాది."

పుట్టగొడుగుల టిన్నులన్నా తీసుకోమన్నాను, వాళ్ళింట్లో వంట చేసే ఫిలిప్పీన్ అమ్మాయి తింటుందేమోనని. పాప ఒక టిన్ను తిప్పి చూసి, "అమ్మా, డేట్ అయిపోయింది," అంది. ఇంకోటి చూసింది. అదీ అంతే. ఆమె నా మొహం చూసి, "పోనీలేమ్మా," అని నా చెయ్యి తట్టి వెళ్ళిపోయింది.

లేనివాళ్ళకి మనకక్కర్లేనిది ఇచ్చేస్తే లెక్క సరిపోతుందని నాకొక ధీమా ఉండేది. ఆ వేళతో అది పోయింది. ఇవ్వడానికి కూడా ఎవరూ లేనన్ని వస్తువులు. ఆ కోపం ఎవరిమీద చూపించాలో కూడా నాకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో ఇద్దరం కలిసి అన్నీ కిందకి మోశాం. కార్పెట్ మెట్ల మలుపులో ఇరుక్కుంటే ముసలాయన వచ్చి సాయం పట్టాడు. పాప పై నుంచి చూస్తూ, "ఇవన్నీ ఎక్కడికెళ్తాయి నాన్నా?" అని అడిగింది.

"లారీ వాళ్ళు తీసుకెళ్తారు."

"తీసుకెళ్ళి?"

"ఎక్కడో ఎడారిలో పోస్తారు."

"ఆ తర్వాత?"

ఆయన చేతులు దులుపుకున్నారు.

దుఖాన్‌లో మొదటి నెలలు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో నడవడానికి చోటుంది. పాపకి బల్ల ఉంది. కూరలకి ఒక చిన్న కొట్టు, దాటితే సముద్రం. అయితే మూడో నెల తిరిగేసరికి ఆయన శుక్రవారాలు దోహా వెళ్ళడం మొదలుపెట్టారు, గంటకు పైగా ఎడారి దారిలో. నేను వెళ్ళేదాన్ని కాదు. ఒకరోజు పెద్ద అట్టపెట్టెతో తిరిగొచ్చారు. ఇంట్లోనే పాప్‌కార్న్ చేసే మిషన్. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అది లోపలికి రాదు."

"ఏం?"

"ఏమా? మెట్ల మీద మోసినవి మర్చిపోయారా? మీకు సిగ్గుగా లేదా?"

ఆయన పెట్టె వరండాలో దించి, దానిమీదే కూర్చున్నారు. చెప్పుల వైపు చూస్తూ మెల్లగా అన్నారు. "పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నన్ను యల్లా యల్లా, తొందరగా కానీ అంటారు. గీసిన గీతే మళ్ళీ గీయిస్తారు. ఏం కావాలి సార్ అని నన్నడిగేది ఈ దేశంలో ఆ షాపులోనే."

ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయన పక్కన వెళ్ళి కూర్చుందామా అనిపించింది. అర్థమైంది, నిజంగానే అర్థమైంది. కానీ కోపం పోలేదు. సార్ అనిపించుకోవడానికి నా పిల్ల గది గోడౌన్ అవ్వాలా? ఆ మాటే పైకి అన్నాను. ఆయన లేచి సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయారు.

దుఖాన్‌లో ఇంకో నాలుగేళ్ళున్నాం. ఆయన తగ్గించారు గానీ మానలేదు. నేను గొడవపడటం తగ్గించలేదు. కొన్ని నెలలకొకసారి ఏదో ఒక వస్తువు పట్టుకుని క్వార్టర్ల చివరనున్న చెత్తపెట్టె దాకా నేనే వెళ్ళేదాన్ని. అక్కడ ఇంకో ఇంటావిడ కూడా అట్టపెట్టెతో ఎదురయ్యేది. ఏం తెచ్చారని ఒకర్నొకరం అడిగేవాళ్ళం కాదు. ఎండ ఎక్కువగా ఉందనో, గాలి దుమారం వచ్చేలా ఉందనో అనుకుని, ఎవరి ఇంటికి వాళ్ళం తిరిగొచ్చేవాళ్ళం.