దాచొద్దన్న మేడమ్

మా బోటనీ మేడమ్ పోయిన మంగళవారం ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి తార్నాకలోని ఇంట్లో చనిపోయారు. చూడ్డానికి వచ్చిన ఒకాయన గేటు దగ్గర నిలబడి, "ఇన్నేండ్లు బీపీ గోలీలు మింగింది గదా, అవే తిన్నయి మనిషిని" అన్నాడు. కాదని ఆయన మొహం మీదే చెప్పాను. మీకూ చెప్తున్నాను. గోలీలు మానేసినప్పుడే ఆవిడ చావు దాకా వెళ్లొచ్చారు.

యూనివర్సిటీలో మాకు ఔషధ మొక్కల పాఠం ఆవిడదే. ఆకు నలిపి మా చేత వాసన చూపించందే మొదలుపెట్టేవారు కాదు. ఆకుల మీద ఆ నమ్మకంతోనే ఒక ఎండాకాలం గోలీలు పక్కన పెట్టి, మద్దిబెరడు కషాయం, మునగాకు రసం మీద ఉన్నారు. తలనొప్పి తగ్గింది కదా అని బీపీ చూపించుకోలేదు. ల్యాబులో మాతో మాట్లాడుతూనే కూలబడిపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది.

కొన్ని నెలలకు ఎడమచేత్తో చాక్‌పీసు పట్టుకొని క్లాసుకొచ్చారు. బోర్డు మీద అక్షరాలు వంకరపోతున్నాయి. మేం అడగకముందే అన్నారు: "నన్ను పడగొట్టింది ఆకు కాదు. గోలీ ఆపిన. ఆపినట్టు డాక్టరుకు చెప్పలే. నవ్వేటోళ్లు నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు.

తర్వాత మేడమ్‌ని డాక్టరు దగ్గరికి నా స్కూటీ మీదే తీసుకెళ్లేదాన్ని. మొదటిసారే కషాయం సీసా తీసి ఆయన బల్ల మీద పెట్టారు. ఆయన మొహం చిట్లించి, "ఇంత చదువుకొని మీరు కూడానా?" అన్నారు.

"మీరు గిట్ల కసురుకుంటరనే అందరు దాస్తున్నరు డాక్టర్ గారూ. నేను దాచి చెయ్యి పోగొట్టుకున్న. గోలీ వేసుకుంట. దాంతోని ఇది పడుతదా లేదా చెప్పుండ్రి. తెల్వకుంటే తెలుసుకొని చెప్పుండ్రి."

ఆయన సీసా మూత తీసి వాసన చూసి, "ఇందులో ఏమేం వేస్తారు?" అని అడిగారు. తర్వాతిసారి వెళ్లినప్పుడు కొన్ని వద్దన్నారు, కొన్ని ఉండనిమ్మన్నారు. మేడమ్ విన్నారు.

రిటైరయ్యాక, క్యాంపస్‌కి పొద్దున వాకింగుకొచ్చే ఆడవాళ్లకు అదే మాట. "పొడి తింటవో పసరు తాగుతవో నీ ఇష్టం అక్కా. గోలీ ఆపకు. డాక్టరుకు దాయకు." అక్కడ చూర్ణాలు అమ్మేవాడు బేరం చెడగొడుతున్నారని గొడవకొస్తే, చేతికర్ర మీద బరువు ఆనించి, "నీ చూర్ణం నువ్వు అమ్ముకో. గోలీలు మానుమని చెప్పకు. చెప్తే రోజూ గీడనే నిలబడుత" అన్నారు. అతను చెప్పడం మానలేదు. ఆవిడ నిలబడడమూ మానలేదు.

కబురు చెప్దామని నిన్న ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. బయట బెంచీ మీద ఆ వాకింగు ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. ఒకామె ఒళ్లో మెంతిపొడి డబ్బా. పక్కనామె చేతిలో పచ్చటి పసరు సీసా, కొంగు చాటున కాదు, అందరికీ కనబడేలా. లోపలి నుంచి పిలుపు రాగానే ఆమె సీసా పట్టుకొని లేచింది.