ఇద్దరు పెళ్లికూతుళ్ల పార్సిలు

దొరస్వామన్న వీడియో తీయకుండా ఏ వస్తువునూ చేయి దాటనివ్వడు. తిరుచానూరులో నా జిరాక్సు కొట్టు పక్కనే వాళ్ల కొయ్యబొమ్మల అంగడి. అంగడి పేరుకే, సరుకంతా ఆన్‌లైన్‌లోనే పోతుంది. యజమాని ఆయన భార్య పంకజాక్షక్క. ప్యాకింగు సిద్ధమ్మ. వీడియో దొరస్వామన్న.

పెట్టె మూసేముందు ఆయన వ్యాఖ్యానం వీధి చివరిదాకా వినబడుతుంది. "ఈపొద్దు మంగళారం, టైము పదకొండున్నర. ఈ బొమ్మకి ముక్కు ఉండాది. చెవులు రెండూ ఉండాయి. సిద్ధమ్మా, ఎనక్కి తిప్పు. వీపు కూడా ఉండాది."

"వీపు యాడికి పోతాదన్నా?"

"నీకు తెల్దమ్మే. కొనేవాళ్లలో రకరకాల జనం ఉంటారు."

ఆ మాట ఊరికే అన్నది కాదు. రెండేళ్ల కిందట ఎవరో మహానుభావుడు ఏనుగు బొమ్మ కొని, నచ్చలేదని పెట్టె వాపసు పంపాడు. విప్పితే లోపల తుప్పు పట్టిన గరిటె. పంపేటప్పుడు తీసిన వీడియో, విప్పేటప్పుడు తీసిన వీడియో రెండూ దొరస్వామన్న తమ సరుకు అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీకి పెట్టాడు. వారంలో నష్టం డబ్బు వచ్చేసింది. అప్పటినుంచి ఆ ఫోను కిందపెడితే ఒట్టు.

ఒకసారి వానలో గొడుగు అడిగాను. విప్పి, చుట్టూ తిప్పి, నన్ను ఎదురుగా నిలబెట్టి తీశాడు. "చిల్లులు లేవు. కమ్మీలు ఎనిమిది. తీసుకున్నానని నోటితో చెప్పప్పా." చెప్పాను. ఆ వీడియో ముగిసేసరికి వాన కూడా ముగిసింది.

"మా పెండ్లిలో అప్పగింతలప్పుడు ఈయన చేతిలో ఫోను లేదు గాబట్టి సరిపోయింది" అనేది పంకజాక్షక్క. "ఉంటే ఈపాటికి అది సూపించి నన్ను వాపసు పంపించుండును."

పోయిన దసరా ముందు ఒకావిడ నుంచి ఫిర్యాదు వచ్చింది. బొమ్మల కొలువుకని పెళ్లికొడుకు, పెళ్లికూతురు జంట కొంటే, పెట్టెలో ఇద్దరూ పెళ్లికూతుళ్లే వచ్చారట.

పంకజాక్షక్క మండిపడింది. "మొగబొమ్మని దాసిపెట్టుకోని ఆటలాడతా ఉండారా? వీడియో పంపించు. ఒకేళ తప్పు మనదే అయితే, సిద్ధమ్మా, రేపట్నుంచి నువ్వు రావద్దు. సరిగ్గా సూసి పెట్టమని నీకు ఇప్పటికే రెండుసార్లు చెప్పినా."

సిద్ధమ్మ ముఖం పాలిపోయింది. ఆ జీతంతోనే ఆమె ఇల్లు గడవాలి.

దొరస్వామన్న ఫోను తీసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి తల వేలాడేసుకుని వచ్చాడు. "ఆ పొద్దు వీడియో తీసేది మర్సిపోయినా."

వీధి వీధంతా విరగబడి నవ్వింది. వీడియో లేదు కాబట్టి కంపెనీ ఆవిడకి డబ్బు తిరిగిచ్చి, నష్టం అంగడి మీద వేసింది. పంకజాక్షక్క వారం రోజులు ఆయనకు కాఫీ ఇవ్వలేదు. నేనూ ఊరుకోలేదు, "గొడుగుకి తీస్తివి, బొమ్మకి మర్సిపోతివా అన్నా?" అని కనబడినప్పుడల్లా పొడిచాను. ఆయన నవ్వేసి వెళ్లిపోయేవాడు.

నెల తర్వాత ఫోను నిండిపోయింది, వీడియోలన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. ఎక్కిస్తుంటే ఆ పార్సిలు వీడియో కనబడింది.

అందులో సిద్ధమ్మ ఒక పెళ్లికూతురిని కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఇంతలో ఆమె ఫోను మోగింది. "మనవరాలు పుట్టిందా! తల్లీబిడ్డా బాగుండారా?" అని ఏడుస్తూ, నవ్వుతూ, చేతికందిన ఇంకో పెళ్లికూతురిని చుట్టి పెట్టేసింది. ఆ బొమ్మని మన వ్యాఖ్యాత కూడా చూడలేదు. "మిఠాయి యాడమ్మే?" అని అరుస్తున్నాడు.

"అన్నా, వీడియో ఉండాదే!"

"మెల్లిగా అబ్బా, పంకజాక్షి వింటాది. తప్పు సిద్ధమ్మది అయితే పని పోతాది. నాది అయితే కాఫీ పోతాది. అంతే గదా."

నెలరోజులు ఎగతాళి చేసిన నేనే చప్పున కంప్యూటరు సౌండు తగ్గించాను. ఆ క్షణంలో ఆ మనిషంటే నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

"మరి ఆ కొన్నావిడ?"

"ఆయమ్మ నిజమే చెప్పింది, పాపం. మొగుడు లేకుండా కొలువు ఎట్ల పెడతాది? ఆ పొద్దే నా ఖర్చుతో పెండ్లికొడుకుని పంపించేసినా."

"వాడికి వీడియో తీసినావా?"

"తీయకుండా పంపిస్తానా!"

అప్పుడే సిద్ధమ్మ వచ్చి, నడుం మీద చేయి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అన్నా, ఆడ పెట్టె కాసుకోనుండాది. నువ్వు మళ్లా మర్సిపోయి నా పీక మీదికి తేవాకు. లెయ్!"

దొరస్వామన్న గబుక్కున లేచి ఫోను అందుకున్నాడు. "వస్తా ఉండా తల్లీ, తిట్టాకు" అంటూ ఆమె వెనకాలే నడిచాడు.