సమ్మెలో సోలార్ పంపు

2011 వానాకాలంలో నన్ను జనగామలో అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. మొదటి పని నర్మెట్ట దగ్గరి ఒక తండాకు తాగునీటి సోలార్ పంపు. ఇలాంటి చిన్న పథకాలకు అప్పుడు సర్కారు నిధులిచ్చేది. పని పూర్తయ్యాక పంపును నడిపే కంట్రోలర్ డబ్బాకు నేనే తాళం వేసి లక్క సీలు కొట్టాను. డివిజనల్ ఇంజనీరు వచ్చి, నీటిధార కొలిచి సంతకం చేసేదాకా దాన్ని ఎవరూ తెరవకూడదు.

ఆయన వచ్చేలోపే సకల జనుల సమ్మె మొదలైంది. ఆయనా నేనూ ఒకే శిబిరంలో కూర్చున్నాం. భూపాలపల్లి బొగ్గు గనుల్లోనూ పని ఆగింది. కరెంటు కోతలతో తండాలోని పాత మోటారు మూలపడింది. మన రాష్ట్రం వస్తేనే మన నీళ్లు మనకొస్తాయని నేను మైకులో చెబుతున్న రోజే తండా నుంచి సోమ్లి వచ్చింది. ఆమె చంకలో ఎనిమిది నెలల మనవడు. వాగు నీళ్లు తాగి మూడు రోజులుగా విరేచనాలు. నా ఒళ్లో అదే ఈడు కూతురు, పక్కన కాచిన నీళ్ల ఫ్లాస్కు.

"మేడం, గా డబ్బా జర తెరువరాదు?"

సమ్మెలో విధులు ముట్టకూడదన్నాను.

"మేం గూడ సమ్మెలనే ఉన్నం. నిన్న రోడ్డు మీద మీకు వండి పెట్టింది మేమే. నువ్వు సమ్మెల ఉన్నవ్, సారు సమ్మెల ఉన్నడు. సూర్యుడు గూడ సమ్మెల గూసున్నడా?"

శిబిరమంతా నవ్వింది. సారు నవ్వలేదు. నా సంచిలోని ఓఆర్ఎస్ పొట్లాలు సోమ్లికిచ్చాను. వాటికి నిబంధన లేదు.

మర్నాడు చుట్టపుచూపుగా తండాకు వెళ్లాను.

"తాళంచెవి లేదా?" అంది సోమ్లి.

"ఉంది. ఇవ్వకూడదు." ఇస్తే విధుల్లో చేరినట్టే.

"గిదేం కొల్వు బిడ్డా!" అని రాయి తీసుకుని తాళం పగలగొట్టింది. నేను దూరంగా నిలబడి ఏ మీట ముందు వేయాలో చెప్పాను. మొదట బురద నీళ్లు వచ్చాయి. తేటపడేదాకా పారబోయించి, ఆ తర్వాతే బిందెలు పెట్టనిచ్చాను. వారంలో పిల్లవాడు కోలుకున్నాడు.

సమ్మె ముగిశాక మెమో వచ్చింది: సీలు ఎవరు తీశారు? ఆ రోజుల్లో నేను విధుల్లో లేనని జవాబు రాశాను. సారు ఆ జవాబు ఒప్పుకున్నారు. కొత్త తాళానికి కొత్త సీలు వేయించి, తానే విప్పి, నీటిధార కొలిచి, తండాకు నేడు తొలిసారి నీరు అందిందని రాశారు. నిండు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల చేత చప్పట్లు కొట్టించారు. సాక్షిగా నేను సంతకం చేశాను.

రెండో కాన్పుకు ఉద్యోగం మానేసేదాకా, ఏ తండాలోనైనా ముందు ఇద్దరు ఆడవాళ్లకు పంపు నడపడం నేర్పి, ఆ తర్వాతే పని పూర్తయిందని పైకి రాసేదాన్ని. నిబంధనల్లో ఆ వరుస లేదు.