నేను పొరుగు దేశమైన పావుగంట

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక దేశంగా ఉన్నారా? నేను ఉన్నాను. పావుగంట సేపు, మా అవ్వ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, బోధన్ దగ్గర ఒక కాలేజీ షామియానా కింద. ఆ పావుగంటలో నేను ఎవరి మీదా బాంబు వేయలేదు, ఎవరి సరిహద్దూ దాటలేదు. నవ్వుతూ కాస్త చక్కెర పంచానంతే. మా బాపు చెరకు తోట మాత్రం ఆ దెబ్బకు మళ్ళీ లేవలేదు.

ముందు నా ఘనత కొంత చెప్పాలి. ఇంటర్ రెండో ఏడాది దాకా నా గొంతు ఎలా ఉంటుందో క్లాసులో ఎవరికీ తెలియదు. హాజరు పిలిస్తే పక్కన కూర్చున్న నస్రీన్ నా బదులు కూడా పలికేది. నేను మాట్లాడేదంతా డైరీతోనే. ఇక చదువంటారా, మిర్చిబజ్జీల పొట్లం కాగితాన్ని కూడా నూనె మరకల సందుల్లోంచి పూర్తిగా చదివితే గాని పారేసేదాన్ని కాదు. అలా చదివిన వార్తల్లో ఒకటి నా మనసు దోచుకుంది. మనమూ, మన చుట్టుపక్కల దేశాలూ ఒక్కచోట కూర్చుని, ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు తగ్గించుకుంటాయట. గోడ మీదుగా కూరగిన్నెలు అందించుకునే ఆడవాళ్ళలా ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి పంపుకుంటాయట. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పదిహేడేళ్ళప్పుడు మనిషి దేనికైనా ఏడుస్తుంది.

ఆ ఏడుపునే వ్యాసంగా రాసిస్తే సివిక్స్ మేడమ్ మురిసిపోయారు. "రేణుకా, దీన్ని కాలేజీ వార్షికోత్సవానికి నాటకం చెయ్. ఏడు దేశాలు, ఏడుగురు పిల్లలు" అన్నారు. తల ఊపాను. నా జీవితంలోని ఆపదలన్నీ తల ఊపడంతోనే మొదలయ్యాయి.

అదే వారం మా ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. మా చెరకు కోతకు వచ్చి, దాటి కూడా పోయింది. కోయాలంటే మిల్లు నుంచి పర్మిట్ రావాలి. పర్మిట్ లేకుండా కోస్తే బండి మిల్లు గేటు దాటదు. కోయకుండా వదిలేస్తే చెరకు పూతకొచ్చి, లోపల బెండు పడి, రసం పోతుంది. మా ఊరి వాళ్ళం చెరకు తోలేది బోధన్ పెద్ద ఫ్యాక్టరీకి కాదు, ఇటుపక్క కొత్తగా వెలిసిన ఒక చిన్న మిల్లుకి. అక్కడ పర్మిట్ రాసేవాడు చెరకు ఆఫీసరు, అందరి నోటా కేన్ సారు. బాపు రోజూ పొద్దున ఆయన గది ముందు నిలబడి, ఎండెక్కాక తిరిగొచ్చేవాడు.

మా కాలేజీకి షామియానా, కుర్చీలు ఇప్పిస్తానన్నందుకు ఆ కేన్ సారునే ముఖ్య అతిథిగా పిలిచారు. ఈ మాట ఇంట్లో చెప్పగానే బాపు ముఖం వెలిగింది.

"గట్లనా బిడ్డా! ఆఫీసుల నా మొకం సూస్తలేడు గాని, నువ్వు మంచిగ మాట్లాడినవనుకో, 'ఎవలి బిడ్డనయ్యా గీమె' అని అడుగుతడు గద. గప్పుడు నేను లేస్త. మిగిలింది నేను జూసుకుంట."

"నాకు భయమైతది బాపూ."

"ఏం కాదు. రాసింది సదువుడే గద."

పాఠక మహాశయులారా, ఇక్కడే ఏదైనా బుద్ధిగల పిల్ల 'ఇంతకీ నేను రాసిందేమిటి' అని ఒకసారి చూసుకుంటుంది. నేను చూసుకున్నాను. అక్షరదోషాలు ఉన్నాయేమోనని.

పాత్రలు పంచేటప్పుడు చిన్న యుద్ధమే జరిగింది. మేడమ్ పాకిస్తాన్ వేషం నస్రీన్‌కు ఇవ్వబోయారు.

"నేనెందుకైత మేడమ్?" అని నస్రీన్ లేచి నిలబడింది. "మా అబ్బా పుట్టింది బోధన్‌ల, మా దాదా పుట్టింది బోధన్‌ల. నాకు ఇండియా ఇస్తే ఇయ్యిండ్రి, లేకుంటే చాయ్‌లు మోస్త."

మేడమ్ గతుక్కుమన్నారు. నస్రీన్ ఇండియా అయింది. నేపాల్, భూటాన్, శ్రీలంక వగైరా చకచకా అమ్ముడుపోయాయి. మాల్దీవుల కోసం ఇద్దరు కొట్టుకున్నారు, ఒక్కటే డైలాగని. పాకిస్తాన్ మాత్రం సంతలో సాయంత్రం దాకా మిగిలిన వంకాయలా బల్ల మీదే ఉండిపోయింది. అందరూ నా వైపు చూశారు. తల ఊపాను.

ఇక ఒప్పందం ఎలా కుదరాలి? దేశాలు కాగితాల మీద సంతకాలు చేసుకుంటాయని తెలుసు గాని, స్టేజీ మీద కాగితం ఏం కనబడుతుంది? మా వైపు పిల్లా పిలగాని పెళ్ళి మాట ఖాయమైతే ముందు అందరి నోట్లో చక్కెర పోస్తారు. చక్కెర పడ్డాక మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. నా దేశాలకూ అదే పెట్టాను. సంధి కుదరగానే పాకిస్తాన్ లేచి ఇండియా నోట్లో, తరువాత కిందికి దిగి ముఖ్య అతిథి నోట్లో చక్కెర పోయాలి. ఇంత అందమైన ఊహ వచ్చినందుకు డైరీలో నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ముందు వరుసలో కేన్ సారు. వెనక, పర్మిట్లు రాని రైతులందరూ. నాటకం చూద్దామని కాదు, సారు దొరుకుతాడని. వాళ్ళ మధ్య బాపు, ఉతికిన తెల్లంగీ వేసుకుని.

తెర లేచింది. ఏమైందో ఏమో, నోరు తెరవగానే ఇన్నేళ్ళుగా దాచిపెట్టిన గొంతంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"సోదర దేశమా! మా దగ్గర చక్కెర మిగిలిపోయింది. మీ చక్కెర కన్నా చౌక. మీ సుంకం గోడ తీసేయండి, ఓడల నిండా పంపుతాం!"

"సరే" అంది ఇండియా.

వెనక కుర్చీలన్నీ నిశ్శబ్దమైపోయాయి. నేను అది మైమరపు అనుకున్నాను. ఆ ఉత్సాహంలో, నాటకంలో లేని మాట ఒకటి సొంతంగా కలిపాను:

"ఇక మీ రైతులు చెరకు పండించి అంత కష్టపడాల్సిన పనే లేదు!"

"సరే" అంది ఇండియా, కొంచెం అనుమానంగా.

ఇండియా నోట్లో ఇంత చక్కెర పోసి, గిన్నె పట్టుకుని మెట్లు దిగాను. కేన్ సారు నోరు తెరిచాడు. పోశాను. "వాహ్!" అన్నాడు. ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

వెనక నుంచి మా ఊరి గంగారాం కాక గొంతు వినబడింది. "ఓ సాయన్నా, నీ బిడ్డ మనదిక్కా, మందిదిక్కా?"

బాపు అనుకున్నట్టే అంతా జరిగింది. సారు నిజంగానే "ఎవరి బిడ్డయ్యా ఈమె?" అని అడిగాడు. బాపు చేతులు జోడించుకుంటూ లేచాడు.

"నా బిడ్డనే సారూ. మన చెరుకు పూతకొస్తుంది. జర పర్మిట్..."

"నీ బిడ్డనేనా? మరి ఇంట్ల చెప్పలేదా?" సారు మూతి తుడుచుకుంటూ నవ్వాడు. "బయట శక్కర్ సస్తగ దిగుతుంది. నా గోదాంలకెల్లి ఒక్క బస్తా కదుల్తలేదు. నువ్వు కోసుకొస్తే నేనేడ పెట్టుకోవాలె? ఇంత చిన్న పిల్లకు సమజైంది, మీకైతలేదు."

నేను పరుగెత్తి వెళ్ళాను. "సార్, అది నాటకం సార్."

"నాటకమేంది తల్లీ, పేపర్ల వచ్చిందే చెప్పినవ్. మంచిగ చదువుకో."

నాకు ఉత్తమ వక్త బహుమతి కూడా వచ్చింది. ఏమిచ్చారో చెప్పమంటారా? చక్కెర పొట్లం. మిల్లు వాళ్ళ కానుక.

ఆ రోజు నుంచి సారుకు పని సులువైంది. పర్మిట్ కోసం ఎవరు వెళ్ళినా ఒకటే జవాబు: "సాయన్న బిడ్డనడుగుండ్రి." ఆ జవాబు తీసుకుని వాళ్ళు మా గడప దాకా వచ్చేవారు. కొందరు నవ్వేవారు, కొందరు నవ్వేవారు కాదు. ఊళ్ళో మా ఇల్లు 'పాకిస్తానోళ్ళ ఇల్లు' అయింది. పోస్ట్‌మ్యాన్ కూడా అలాగే దారి అడిగి వచ్చాడు.

పర్మిట్ వచ్చేసరికి తోటంతా తెల్లటి పూతతో ఊగుతోంది. పెళ్ళిపందిరిలా ఎంత బాగుందో! బాపు ఒక గడ విరిచి చూశాడు. లోపల దూది. బండి కట్టనే లేదు. నరికి బర్రెలకు వేశాడు. అవి కూడా కొంత తిని ముఖం తిప్పుకున్నాయి.

నస్రీన్ ఓదార్చడానికి వచ్చింది. వచ్చి ఊరుకుందా? "నేను ఇండియా గద రేణూ, ఒద్దంటే అయిపోతుండె. నువ్వేమో నాకు అన్నిటికి 'సరే' అనే రాసిస్తివి."

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే డైరీలో రాసుకుని ఏడ్చేదాన్ని. నరికిన తోట గట్టు మీద కూర్చుని ఒకటే అడిగాడు.

"గా ఏడు దేశాల మీటింగుల రైతెవ్వడు లేడా బిడ్డా?"

"లేడు బాపూ."

"నువ్వు రాయలేదా, ఆళ్ళే పిలువలేదా?"

నేను తల ఊపలేకపోయాను. మొదటిసారి.

ఒక సంగతి మీకింకా చెప్పలేదు. ఆ రోజు పొరుగు దేశపు చక్కెర అని నేను సారు నోట్లో పోసింది మా వంటింటి డబ్బాలోది. చెరకు తోలిన రైతులకు మిల్లు ఇచ్చే చక్కెర. అంతకు ముందటేడు మా బాపు పండించింది. మా ఇంట్లో ఉన్న ఆఖరి చక్కెర అది.

మరుసటేడు మా పొలంలో మక్కజొన్న వేశారు. ఇప్పటికీ నేను చాయ్ తీసుకెళ్ళి "శక్కర్ ఎయ్యాల్నా బాపూ?" అంటే ఆయన గ్లాసు వంక చూసి, ఏమీ ఎరగనట్టు అడుగుతాడు.

"ఏ దేశంది?"

కనుక, సూర్యచంద్రులూ, మా గంగారాం కాకా సాక్షిగా ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నేను ఏ దేశాన్నీ కాను. తప్పనిసరై ఎప్పుడైనా కావలసి వస్తే, మాల్దీవులు అవుతాను. దానికి ఒక్కటే డైలాగు. అది కూడా ముందు బాపుకు చదివి వినిపించాకే.